ముఖచిత్రంలో ముఖం ఎవరిది?

ఈసారి వార్షికోత్సవ సంచికకు ముఖచిత్రం గీసి ఇవ్వమని పూర్వ విద్యార్థినుల కమిటీ అక్కలు నన్ను అడిగారు. చాలా సంతోషమనిపించింది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు నాకు అన్నం పెట్టిన హాస్టలు ఇది. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, గీత ఒక్కటే ఉంది. వెంటనే సరేనన్నాను. ఆ తర్వాత బొమ్మ ఎలా ఉండాలో ఫోనులో చెప్పారు. చెప్పులు లేని చిన్న పాప, చిరిగిన గౌను, చేతిలో పలక, వెనకాల మన హాస్టలు బిల్డింగు, పైన ఉదయిస్తున్న సూర్యుడు. పాప కంట్లో ఒక నీటి బొట్టు. "ఆ బొట్టు మాత్రం మర్చిపోకు చెల్లె. చూసినోళ్ళ మనసు కరగాలె" అన్నారు.

వారం రోజులు కూర్చున్నాను. పాప వచ్చింది, పలక వచ్చింది, సూర్యుడు కూడా వచ్చాడు. కన్నీటి బొట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు. అక్కలు కోపం చేసుకోవద్దని ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను బొమ్మలు గీయడం ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. మేము చదివిన స్కూల్లో టైంటేబుల్లో డ్రాయింగు పీరియడ్ ఉండేది గానీ డ్రాయింగు సారు ఉండేవారు కాదు. ఆ పీరియడ్‌లో లెక్కలు చేయించేవారు. ఆదివారం అనుబంధాల్లో కథలకు వేసిన బొమ్మలు కత్తిరించి, ట్రంకుపెట్టె మూత లోపలివైపు అన్నం మెతుకులతో అంటించుకునేదాన్ని. ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి జాతరలో బొమ్మలు నేర్పే సన్నటి పుస్తకం ఒకటి కొనుక్కున్నాను. అందులో ఒక పేజీ నిండా ఆరు గుండ్రాలు, గుండ్రాల్లో ఆరు ముఖాలు. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం. నోటి చివరలు పైకి పోతే సంతోషం, కిందికి జారితే దుఃఖం. కనుబొమలు ముక్కు మీదికి దిగితే కోపం. నోరు సున్నా చుడితే ఆశ్చర్యం. ఆ రాత్రి స్టడీ అవర్‌లో లాంగు నోటుబుక్కు వెనక పేజీలన్నీ గుండ్రాలతో నింపేశాను. పక్కనున్నవాళ్ళు "నా ముఖం గియ్యవే, నా ముఖం గియ్యవే" అని మీద పడ్డారు. గుండ్రానికి రెండు జడలు తగిలిస్తే మాలో ఎవరైనా సరిపోయేవాళ్ళం.

ఇప్పటి చెల్లెళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు. ఫోనులో పసుప్పచ్చ ముఖాలు బోలెడు, వేలితో నొక్కితే చాలు. నేను ఆ ఆరు గుండ్రాలను తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఎవరైనా అక్కడే మొదలుపెట్టాలి. పాల్ ఎక్మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఆరు భావాలను ఏ దేశం వాళ్ళయినా ముఖం చూసి పోల్చుకుంటారని వాదించాడు. కాదన్న శాస్త్రవేత్తలూ ఉన్నారు, ఆ తగవు తెగలేదు. బొమ్మలు గీసేవాళ్ళకు మాత్రం ఆయన చేసిన ఇంకో పని ఎక్కువ ఉపయోగం. 1978లో ఆయన, ఫ్రీజెన్ అనే మరో శాస్త్రవేత్త కలిసి ముఖంలో ఏ కండరం కదిలితే చర్మం మీద ఏ మార్పు కనబడుతుందో వరసగా రాసిపెట్టారు. యానిమేషన్ సినిమాలు తీసేవాళ్ళు కూడా దాన్ని వాడుతున్నారు.

నాకు గుండ్రాలతో పేచీ వచ్చింది ఒక ఆదివారం సాయంత్రం. ఆదివారం మన హాస్టలు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అమ్మానాన్నలు వస్తారు, కవర్లో సకినాలో మురుకులో తెస్తారు, నాలుగింటి బస్సు పోతుందని లేస్తారు. గేటు దాకా పోయి వెనక్కి వచ్చే పిల్లను "ఏమైందే" అని అడిగితే "ఏం కాలే, మంచిగనే ఉన్న" అని నవ్వుతుంది. ఆ నవ్వు గీద్దామని కూర్చున్నాను. ఆరింటిలో ఏ గుండ్రమూ సరిపోలేదు. సంతోషం ముఖం పెడితే అబద్ధంలా ఉంది. దుఃఖం ముఖం పెడితే ఆ పిల్ల ఒప్పుకోలేదు. "నేనేమన్న ఏడ్చిన్నా?" అని కాగితం గుంజుకుని చింపేసింది. అప్పుడు నాకు ఉక్రోషం వచ్చింది గానీ, న్యాయం ఆ పిల్ల వైపే ఉంది.

ఈ సంగతి 1862లోనే డ్యుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆయన ముఖం మీద సన్నగా కరెంటు తగిలించి ఏ కండరం ఏం చేస్తుందో చూశాడు. మనసారా నవ్వినప్పుడు నోటి చివరలతో పాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుసుకుంటుంది. బుగ్గ పైకి లేచి కింది రెప్పను నెడుతుంది, కంటి చివర ముడతలు పడతాయి. నోటిని మన ఇష్టం వచ్చినట్టు లాగగలం గానీ, కంటి చుట్టూ ఉన్న ఆ కండరం చాలామందికి మాట వినదు. ఆయన తీయించిన ఫోటోలు కొన్నింటిని డార్విన్ 1872లో ముఖభావాల మీద రాసిన పుస్తకంలో వాడుకున్నాడు.

అంటే గేటు దగ్గరి పిల్లను గీయాలంటే నోటికి ఒక భావం, కంటికి ఇంకొకటి పెట్టాలన్నమాట. బొమ్మ గీశాక నోటిని బొటనవేలితో మూసి చూడండి, మిగిలిన ముఖం ఏం చెబుతుందో. తర్వాత కళ్ళు మూసి నోటిని చూడండి. రెండూ వేరువేరు మాటలు చెబుతుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఇంకో చిన్న సంగతి. దుఃఖానికి నోరు అంత ముఖ్యం కాదు, కనుబొమ ముఖ్యం. ముక్కు వైపున్న కొస కొద్దిగా పైకి లేస్తుంది. నోటిని గీటు మాదిరి ఉంచేసి ఆ కొసలు రెండూ వెంట్రుకవాసి లేపితే చాలు, బొమ్మ మారిపోతుంది. దీన్ని నేను అద్దంలో నేర్చుకోలేదు. మా గదిలో పదహారు మందికి ఒకటే అద్దం, పొద్దున దాని ముందు నిలబడితే తన్నేవాళ్ళు. కడిగిన స్టీలు కంచంలో చూసుకునేదాన్ని. ముఖం అడ్డంగా సాగుతుంది గానీ కనుబొమ ఎటు పోతుందో తెలుస్తుంది.

ఇదంతా తెలుసుకున్నాక కూడా నేను చేసిన పెద్ద తప్పు ఒకటి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరంలో మార్చి 8కి మా కాలేజీ గోడపత్రికకు శ్రామిక మహిళ బొమ్మ వేయమన్నారు. మా అమ్మను వేశాను. పత్తి చేనులో వంగి, నడుముకు ఒడి కట్టుకుని, కళ్ళు గుంటలు పడి, నోటి చివరలు జారి, చెంప మీద కన్నీటి చార. మొదటి బహుమతి వచ్చింది. ఒక మేడం కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆ చార్టు చుట్టి ఇంటికి తీసుకుపోయి అమ్మ ముందు పరిచాను. అమ్మ చాలాసేపు చూసింది.

"ఎవలు సచ్చిండ్రే?" అని అడిగింది.

"నువ్వే అమ్మా. పత్తి ఏరుతున్నవు" అన్నాను.

"నేను గిట్లెప్పుడు ఏడిశ్న బిడ్డా? ఏడ్సుకుంట ఏర్తే పొద్దుగూకెటాల్లకు పది కిలోలు గూడ కావు" అంది. కోపంతో అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయ్యింది. పుట్టినప్పటి నుంచి ఆ ముఖం ముందే పెరిగాను. గీయాల్సి వచ్చేసరికి ఆ ముఖం వైపు చూడకుండా, పత్రికల్లో కథలకు వేసే బీద స్త్రీ ముఖం తెచ్చి మా అమ్మకు తగిలించాను. మా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ దాకా వచ్చిన మనిషిని నేను. నేను చదివిన చదువు నాకు మా అమ్మను వేరేవాళ్ళ కళ్ళతో చూడటం నేర్పిందా అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తర్వాతి పంటకు, పత్తి ఏరే రోజుల్లో సెలవులు దొరికినప్పుడు, చిన్న నోటుబుక్కు పట్టుకుని అమ్మ వెంట చేనుకు పోయాను. ఏరేటప్పుడు అమ్మ ముఖంలో ఏ భావమూ లేనట్టే ఉంటుంది. చేతులు ఈ చెట్టు మీద ఉంటే కళ్ళు అప్పటికే ముందరి చెట్టు మీద ఉంటాయి. కింది పెదవిని పంటితో పట్టుకుంటుంది. పక్క సాలులో పెద్దమ్మ ఏదో మోటు మాట అంటే తల వెనక్కి వేసి చిగుళ్ళు కనబడేలా నవ్వుతుంది. అంతవరకు ఆ నవ్వును నేను ఒక్కసారి కూడా గీయలేదు. సాయంత్రం తూకం దగ్గర ఇంకో ముఖం. అమ్మకు చదువు రాదు, అంకెలు వచ్చు. కాంటా వైపు చూస్తున్నప్పుడు ఒక కనుబొమ లేస్తుంది, పెదవులు బిగుసుకుంటాయి, గడ్డం కొంచెం ముందుకొస్తుంది. తూకం వేసేవాడు అంకె చెప్పకముందే అమ్మ చెప్పేస్తుంది. ఆ ముఖాన్ని నాలుగు రోజులు గీశాను, నాలుగు రోజులూ కుదరలేదు. అయిదో రోజు కుదిరింది. అమ్మకు చూపిస్తే "గిది నేనే. కొంగు ఇట్ల కాదు, అటు చెక్కుకుంట" అంది.

ఎం.ఏ. తెలుగులో అలంకార శాస్త్రం పేపరు ఉంటుంది. రసాలు, స్థాయీభావాలు, సంచారీభావాలు అని బట్టీ పడుతుంటే మొదట్లో విసుగొచ్చింది. భరతుడి నాట్యశాస్త్రంలో సంచారీభావాలు 33. ఆ వరసలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. అవహిత్థ. మనసులో ఉన్నదాన్ని ముఖంలో కనబడనివ్వకుండా దాచుకోవడం. మన ఆదివారం సాయంత్రం గేటుకు ఎన్నో వందల ఏళ్ళ కిందటే పేరు ఉందన్నమాట! ఇంకొకటి అమర్షం. చదువులోనో డబ్బులోనో బలంలోనో పైనున్నవాళ్ళు అవమానించినప్పుడు పుట్టే భావం అది. తల ఊపడం, చెమట పట్టడం, తలవంచుకుని ఆలోచించడం, ఒక నిశ్చయానికి రావడం, ఉపాయం వెతకడం దాని గుర్తులట. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

తలవంచుకున్న పిల్లను చూస్తే లోకం దైన్యం అనుకుంటుంది. దైన్యం కూడా ఆ 33లో ఉంది, లేదనను. కానీ నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆఫీసులో సర్టిఫికెట్టు కోసం లైనులో నిలబడితే, "మీకేం, అన్నీ ఉచితమే కదా" అన్నాడొకాయన అందరూ వింటుండగా. తలవంచుకున్నాను. ఆ నిమిషంలో నా ముఖం ఎవరైనా గీసి ఉంటే తప్పకుండా కన్నీటి బొట్టు పెట్టేవాళ్ళు. నేనేమో పంటి మీద పన్ను పెట్టి, పదో తరగతిలో ఎన్ని మార్కులు తెచ్చుకోవాలో లెక్క వేసుకుంటున్నాను. ఈ రెండు తలవంపులకూ గీతలో తేడా దవడ దగ్గర ఉంటుంది. దైన్యంలో దవడ వదులైపోతుంది, మెడ కూడా వేలాడుతుంది. అమర్షంలో దవడ మూల ఉబ్బుతుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, మెడ మాత్రం నిటారుగా ఉంటుంది. పెన్సిలు రెండు చోట్ల ఒత్తి పట్టుకుంటే చాలు.

అలాగని ఆ శాస్త్రాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించమని నేను చెప్పను. అందులోనే నవ్వు ఆరు రకాలుగా ఉంది. స్మితం, హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. అపహసితం, అతిహసితం అధములకు. పళ్ళు కనబడని చిరునవ్వు మొదటి మెట్టు, పక్కలు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది ఆఖరి మెట్టు. అవి స్వభావాన్ని బట్టి చేసిన తరగతులే గానీ వేరే ఏమీ కాదని పాఠం చెప్పిన సారు అన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆ మెట్లు చూడగానే మా ఊరు గుర్తొచ్చింది, చేనులో మా అమ్మ నవ్వు గుర్తొచ్చింది. హాస్టల్లో "ఆడపిల్లలు, పళ్ళు బయటపెట్టి నవ్వకండి" అని మనం తిన్న తిట్లు కూడా గుర్తొచ్చాయి. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ఆరు పేర్లూ రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఎవరి ముఖంలో ఏ భావం పెట్టాలన్నది గీసేవాళ్ళ అభిప్రాయమే గానీ ఊరికే కుదిరిన గీత కాదు. బాబాసాహెబ్ ముఖాన్నే చూడండి. 1949లో శంకర్ వేసిన కార్టూన్ ఒకటి ఉంది. రాజ్యాంగం అని రాసిన నత్త మీద అంబేద్కర్ కూర్చుని ఉంటారు, వెనక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటారు, చుట్టూ జనం చూస్తుంటారు. ఆ బొమ్మ పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో ఉందని 2012లో పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది. నవ్వుకోవడానికి వేసిన బొమ్మకు ఇంత రాద్ధాంతమా అన్నవాళ్ళు చాలామంది. మన తెలుగు కార్టూనిస్టు ఉన్నమతి శ్యామ సుందర్ ఊరికే ఉండలేదు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లు వందకు పైగా వెతికి తీసి, 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' అని పుస్తకం తెచ్చారు. ఒక్క బొమ్మ చూస్తే జోకులాగే ఉంటుంది. అన్నీ వరసగా చూస్తే జోకు కనబడదు, గీసినవాళ్ళ చూపు కనబడుతుంది.

ఇప్పుడు మన ఊళ్ళ చౌరస్తాల్లో విగ్రహాలు చూడండి. కూలి డబ్బులతో చందాలు వేసుకుని పెట్టించుకున్నవి. చూపించే వేలు, చేతిలో పుస్తకం, కళ్ళద్దాలు. పోలిక అన్నిచోట్లా కుదరదు. మా ఊరి విగ్రహం కాస్త మా పాత సర్పంచులా ఉంటుంది. కానీ ఎక్కడైనా ఏడుపు ముఖం చూశారా? ఆయన జీవితంలో ఏడవడానికి కారణాలు తక్కువేమీ కాదు. అయినా చదువు రాని మన పెద్దలు తమకు ఏ ముఖం కావాలో విగ్రహం చేసేవాడికి చెప్పి చేయించుకున్నారు. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహంలోనూ దైన్యం లేదు.

భావం మొత్తం ముఖంలోనే పలకాలని కూడా లేదు. 2011లో వచ్చిన 'భీమాయన' అనే బొమ్మల పుస్తకం చూసినప్పుడు ఇది తెలిసింది. అంబేద్కర్ జీవితాన్ని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు గీశారు. ముఖాలు ఎక్కువగా పక్క నుంచే, పెద్ద కన్నుతో ఉంటాయి. పెద్దగా మారవు. మారేది మాటలు రాసే బుడగ. మంచి మాటైతే బుడగ పిట్ట ఆకారంలో ఉంటుంది. కుట్టే మాటైతే తేలు కొండిలా ఉంటుంది. నొప్పిని అన్నవాడి మాటలో చూపించారు గానీ పడ్డవాడి కన్నీళ్ళలో కాదు.

అక్కల మాటలో నిజం లేదని నేను అనను. పోయిన ఏడు ఏడుస్తున్న పాప బొమ్మ వేసిన కరపత్రం వల్లనే చందాలు వచ్చాయి, ఆ చందాలతోనే ఫ్యాన్లు వచ్చాయి. పిల్లలు ఇవాళ ఆ ఫ్యాన్ల కిందే పడుకుంటున్నారు. అందుకే ఆ బొమ్మను వెక్కిరించడానికి నాకు నోరు రాదు. కానీ ఆ కరపత్రం మన హాస్టలు గోడకు ఇంకా అంటించి ఉంది. దసరా ముందు వచ్చినప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతి దాని ముందు నిలబడి, "అక్కా, గీ పాప మనమేనా?" అని అడిగింది. అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో తెలియక మాట మార్చాను.

ఈ ఏడు కావాల్సింది రెండు బాత్రూములకు తలుపులు. అలాంటప్పుడు తలుపులు లేని బాత్రూములే గీద్దాం. దాన్ని చూసి సిగ్గుపడాల్సింది ఎవరో చూసేవాళ్ళకు తెలుస్తుంది. దానికి పాప కంట్లో నీళ్ళు ఎందుకు?

గీయాలని ఉన్న చెల్లెళ్ళకు ఒక మాట. పెద్దవాళ్ళ ముఖంలోకి చూడొద్దని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. బొమ్మ గీయాలంటే అదే మొదటి అడ్డంకి. అడిగి చూడండి, తప్పులేదు. వంట దగ్గర కామాటి అక్కను పది నిమిషాలు కూర్చోమని నేను అడిగితే "పప్పు దించినంక" అంది. పప్పు దించాక ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని వచ్చి బిర్రుగా కూర్చుంది. ఆ ముఖం గీయడం చాలా కష్టమైంది, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ ఆమెను అలా కూర్చోబెట్టి చూడలేదు, ఆమెకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆ తెలియకపోవడమే గీశాను. అది నా దగ్గరున్న మంచి బొమ్మల్లో ఒకటి.

కమిటీకి రెండు బొమ్మలు పంపాను. మొదటిదాంట్లో అక్కలు చెప్పినట్టే పాప, పలక, సూర్యుడు ఉన్నాయి. బొమ్మంతా ఇంకుతో వేసి, కన్నీటి బొట్టు మాత్రం పెన్సిలుతో వేశాను. కావాలంటే దాని మీద ఇంకు పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే రబ్బరుతో చెరిపేయొచ్చు. రెండోదాంట్లో తలుపు లేని బాత్రూముకు చీర అడ్డం కట్టి ఉంది. బయట ఇద్దరు పిల్లలు కాపలా ఉన్నారు. ఒకతి దవడ బిగించి రోడ్డు వైపు చూస్తోంది. ఇంకొకతి లోపలున్న పిల్లకు ఏదో చెబుతూ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. అక్కలు ఏది ఎంచుకున్నారో ఇది రాసేనాటికి నాకు తెలియదు. మీరు చదివేనాటికి అచ్చయిపోయి ఉంటుంది, పుస్తకం మూసి చూడండి.